పాత బీరువాకు కొత్త రంగు: ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఫిర్యాదు: రంగు బాగానే వేశాం, ఆ తర్వాతే చెడింది. వాటిలో చాలా చోట్ల తప్పు రంగుది కాదు. దాని కింద ఉన్న చెక్కదో, పైన రాసిన మైనానిదో.

ప్రశ్న: పాత టేకు బీరువాకు తెల్ల చాక్ పెయింట్ (మెరుపు లేకుండా సుద్దలా ఆరే రంగు) వేశాం. మూడు కోటింగులు పడ్డాయి. అయినా ఆరేసరికి పసుపుపచ్చ మరకలు తేలుతున్నాయి. నాలుగోది వేయమంటారా?

వద్దు. పది వేసినా ఇంతే. టేకు, మహాగని, ఓక్ లాంటి చెక్కల్లో టానిన్లు, ఇతర రంగు పదార్థాలు ఉంటాయి. వాటిలో చాలా వరకు నీళ్లలో కరుగుతాయి. చాక్ పెయింట్ నీళ్ల రంగు కనుక పూత తడిగా ఉన్నంతసేపూ చెక్కలోని ఆ రంగును పైకి పీలుస్తుంది. నీరు ఆవిరైపోతుంది, మరక పైన మిగిలిపోతుంది. వేసిన ప్రతి కోటింగూ ఇంకో దఫా నీళ్లు పోసినట్టే. అందుకే మరక వేసిన వెంటనే కాకుండా ఆరేటప్పుడు బయటపడుతుంది. ముడుల దగ్గర, పలకలు అతికిన చోట ముందుగా కనబడుతుంది.

దీనికి మందు షెల్లాక్. అంటే పాత పాలిష్‌వాళ్లు స్పిరిట్‌లో కరిగించి వాడే లక్కే. వేసిన రంగు గీకక్కర్లేదు. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, 220 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, దాని మీదే షెల్లాక్ వేయవచ్చు. లీటరు స్పిరిట్‌కు సుమారు 250 గ్రాముల లక్క రేకులు సరైన చిక్కదనం. గంట తేడాతో రెండు పూతలు వేయండి. ఆ తర్వాత మళ్లీ చాక్ పెయింట్.

ఇక్కడ మూడు చోట్ల జారతారు. ఒకటి, సహజంగా మైనం ఉండే లక్క వాడడం. దాని మీద నీళ్ల రంగు సరిగా పట్టకపోవచ్చు. మైనం తీసేసిన లక్క కొనండి. దొరక్కపోతే కరిగించిన ద్రవాన్ని గాజుసీసాలో కొన్ని రోజులు కదపకుండా ఉంచితే మైనం మబ్బులా అడుక్కి దిగుతుంది. పైన తేటగా ఉన్నదాన్ని మాత్రమే వంపుకోండి. రెండు, పాత ద్రావణం. నెలల తరబడి నిలవున్న షెల్లాక్ ఎప్పటికీ గట్టిపడకపోవచ్చు. గాజు మీద ఒక చుక్క వేసి, మర్నాటికి కూడా గోరు దిగబడుతుంటే పారబోయండి. మూడు, మరక ఉన్న చోట మాత్రమే చుక్కలుగా పూయడం. ఆ చోట రంగు వేరేగా పీల్చుకుంటుంది, ఆరాక పక్క వెలుతురులో మచ్చలు కనబడతాయి. తలుపైతే తలుపంతా, పలకైతే పలకంతా వేయాలి.

మరక పసుపు కాకుండా గులాబీ రంగులో వస్తోందా? అయితే అది చాలాసార్లు చెక్కది కాదు. పాతకాలంలో పూసిన ఎర్ర స్టెయిన్‌ది. అలాంటివి కొన్ని స్పిరిట్‌లోనూ కరుగుతాయి. కాబట్టి షెల్లాక్‌ను ఒకే లాగుడుతో వేసి వదిలేయండి, వేసిన చోటే బ్రష్ మళ్లీ మళ్లీ తిప్పితే ఆ ఎరుపు అందులోకీ ఎక్కుతుంది.

ప్రశ్న: ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కలిపి ఇంట్లోనే చాక్ పెయింట్ చేశాను. అరగంటకే గడ్డకట్టి ఇసకలా అయింది. ఎక్కడ పొరపాటు?

ముందుగా ఒక మాట. చాక్ పెయింట్ అనే పేరు బ్రిటన్‌కు చెందిన ఆనీ స్లోన్ 1990లో తెచ్చిన రంగుది. ఇంట్లో కలిపేది దానికి దగ్గరి చుట్టమే తప్ప అదే కాదు. అయినా పని జరుగుతుంది.

పాళ్లు ఇవి: ప్లాస్టర్ ఒక కప్పు, చన్నీళ్లు ఒక కప్పు, మెరుపు లేని ఎమల్షన్ రంగు మూడు నుంచి నాలుగు కప్పులు. ముందు ప్లాస్టర్‌ను జల్లించి, నీళ్లలో కొద్దికొద్దిగా చల్లుతూ పలచని మజ్జిగలా చేయాలి. ఆ తర్వాతే రంగులో పోయాలి. పొడిని నేరుగా రంగులో వేస్తే ఉండలు కట్టడం ఖాయం. పొడి కొలిచేటప్పుడు మూతికి మాస్కు మరవకండి.

ఇక మీ గడ్డ సంగతి. ప్లాస్టర్ నీటితో కలిసి స్ఫటికాలుగా మారడమే గట్టిపడడం. కిందటిసారి గిన్నెకు అంటుకున్న పెచ్చులు ఉంటే అవే విత్తనాలై ఈసారి పని ఇంకా తొందరగా ముగిస్తాయి. కడిగిన గిన్నె, కడిగిన పుల్ల, చల్లని నీళ్లు వాడండి, గంటలో అయిపోయేంతే కలపండి. గట్టిపడడం మొదలయ్యాక నీళ్లు పోసి పలచన చేయాలని చూడకండి, ఆ పలుకులు మళ్లీ కరగవు.

నన్నడిగితే సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్ మేలు. అది గట్టిపడే రకం కాదు. కప్పు రంగుకు పావు కప్పు పొడి, రెండు మూడు చెంచాల నీళ్లు చాలు. ఎక్కువ వేస్తే ఇంకా బాగా పడుతుందనుకుంటారు గానీ, పొడి మించితే రంగు చేతికి అంటుతుంది. రంగును చెక్కకు పట్టి ఉంచేది ఎమల్షన్‌లోని జిగురే, సుద్ద కాదు. తెల్లపొడి పడితే ముదురు రంగులు పాలిపోతాయన్నదీ గుర్తుంచుకోండి. నల్లది కావాలనుకుంటే ఈ పద్ధతి వద్దు.

ప్రశ్న: రంగు మీద మైనం రాసి వారమైంది. ఇప్పటికీ చేతికి జిగటగా ఉంది, దుమ్మంతా అంటుకుంటోంది. మరో పూత మైనం రాస్తే గట్టిపడుతుందా?

గోటితో ఒక మూల చిన్న గీత గీసి చూడండి. గోటి కింద మైనం పోగైతే ఎక్కువ రాశారన్నమాట. పది జిగట కేసుల్లో తొమ్మిదింటికి కారణం ఇదే. మైనం వార్నిష్ కాదు, పొరగా నిలబడాల్సింది కాదు. సుద్ద రంగులోని సన్నని రంధ్రాల్లోకి ఇంకి, పైన మిగిలినదంతా బట్టకు వచ్చేయాలి. అరచేయి, వేళ్లు కలిపినంత మేరకు శనగగింజంత మైనం సరిపోతుంది.

ముందుగా బాగు చేసే పని. నూలుబట్టను టర్పెంటైన్‌తో తడి తెలిసీ తెలియనట్టు తడపండి. ఒక్కో అడుగు మేర తీసుకుని తుడవండి, బట్ట మడత మార్చుకుంటూ ఉండండి. అదే మడతతో తుడిస్తే ఇక్కడ తీసిన మైనాన్ని అక్కడ పూసినట్టే. ఆరిన ఎమల్షన్‌ను టర్పెంటైన్ కరిగించదు గనుక రంగుకు భయం లేదు, గట్టిగా రుద్దకపోతే చాలు. ఒక రోజు గాలికి వదిలి, పొడి బట్టతో మెరుగు పెట్టండి. బట్ట జారుతూ తిరగాలి. పట్టి లాగుతోందంటే ఇంకా మైనం మిగిలే ఉంది.

వాడిన ఆ బట్టల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయండి. అవిసె నూనె కలిసిన మైనమైతే ఉండచుట్టిన బట్ట తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు.

మీ ప్రశ్న రెండో సగానికి జవాబు: మరో పూత రాస్తే అందులోని ద్రావకం కింది మైనాన్ని మళ్లీ మెత్తబరుస్తుంది. జిగట పెరుగుతుందే గాని తగ్గదు. సరిగ్గా రాసిన మైనం కూడా పైకి ఒక రోజులో ఆరినట్టున్నా పూర్తిగా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఫొటో ఫ్రేములు, పుస్తకాలు పైన పెట్టొద్దు. అచ్చులు పడతాయి.

ప్రశ్న: మైనం ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. తూకంలో తేనెమైనం ఒక వంతు, టర్పెంటైన్ మూడు వంతులు. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టిన గిన్నెలోనే కరిగించాలి, నేరుగా మంట మీద కాదు. కరిగాక పొయ్యి ఆర్పేసి, గిన్నెను మంటకు దూరంగా, బయట గాలిలోకి తెచ్చి, అప్పుడు టర్పెంటైన్ పోయండి. పొయ్యి వెలుగుతుండగా పోయడమంటే నిప్పుతో చెలగాటమే. చల్లారాక వెన్నలా ఉండాలి. మరీ గట్టిగా ఉంటే వేడినీళ్లలో పెట్టి మెత్తబరిచి, ఇంకాస్త టర్పెంటైన్ కలపండి.

ప్రశ్న: పాతకాలపు లుక్ కోసం లేత రంగు మీద ముదురు మైనం రాస్తే బురద పూసినట్టయింది.

కింద తెల్లమైనం, అంటే రంగు కలపని మైనం, రాయలేదు కదూ? ఖాళీగా ఉన్న సుద్ద రంగు బ్లాటింగ్ పేపరు లాంటిది. ముదురు మైనం ఎక్కడ తాకితే అక్కడే ఇంకిపోతుంది, ఎటూ జరపడానికి వీలుండదు. ముందు రంగులేని మైనం రాసి తుడిచేశాక ముదురుది రాస్తే అది పైపైన జారుతుంది. చెక్కడాల లోతుల్లోకి చిన్న బ్రష్‌తో కుక్కి, ఎత్తుగా ఉన్న భాగాల మీద వెంటనే తుడిచేయాలి. మొదటిసారి చేసేవాళ్లు ముదురు మైనం ఒక పాలు, తెల్లది రెండు పాళ్లు కలుపుకుంటే చేయి తిరిగేదాకా ప్రమాదం తక్కువ.

ఇప్పుడు పడ్డ మచ్చ మీద బట్టతో తెల్లమైనం వేసి రుద్దండి. రబ్బరుతో పెన్సిల్ గీత చెరిపినట్టు చాలా వరకు లేస్తుంది. రోజులు గడిచిపోతే టర్పెంటైన్ వాడాలి. అప్పటికీ రంగులోకి ఇంకిన గోధుమ ఛాయ మిగిలితే, మైనమంతా తీసి మరో కోటింగు రంగు వేయడం తప్ప దారి లేదు.

ప్రశ్న: భోజనాల బల్ల పైభాగానికి మైనం చాలా?

చాలదు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది, వేడివేడి గిన్నె అంతకంటే ఎక్కువే ఉంటుంది. కాళ్లకు మైనం, పైకి నీళ్ల రకం పాలియురెథేన్ వార్నిష్ మూడు పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య 320 నంబరు కాగితం తేలిగ్గా తగలాలి. నూనె రకం పాలియురెథేన్ తెలుపును పసుపు చేస్తుంది. మైనం ఒకసారి తగిలిన చోట పాలియురెథేన్ నిలవదు, అందుకే ఏది వేయాలో ముందే తేల్చుకోండి. పైపూత పడ్డాక రంగు ఎంత ముదురుతుందో తెలియాలంటే ఆరిన రంగు మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. ఆ తడిమచ్చ రంగే దాదాపుగా మీకు దక్కేది.

ప్రశ్న: సన్మైకా మీద రంగు గోకితే పొరలుగా ఊడుతోంది.

నున్నటి సన్మైకాకు పీల్చుకునే గుణం లేదు. లేచిన అంచులు ముందు అతికించి, సబ్బునీళ్లతో జిడ్డు కడిగి, 180 నంబరుతో మెరుపంతా పోయేదాకా రుద్ది, నున్నటి తలాలకు పట్టే ప్రైమర్ వేసి, ఒక రోజు ఆగి రంగు వేయండి. ఇప్పుడు ఊడుతున్నది మొత్తం గీకాల్సిందే.

ప్రశ్న: జిగురుతో పగుళ్ల డిజైన్ ప్రయత్నించాం. పగుళ్లే రాలేదు.

జిగురు పూర్తిగా ఆరిపోయాక పై రంగు వేసి ఉంటారు. తెల్ల చెక్క జిగురును దళసరిగా పూసి, వేలు పెడితే అతుక్కోవాలి గాని జిగురు వేలికి ఊడి రాకూడదు, ఆ దశలో పై రంగు వేయాలి. మామూలుగా పది ఇరవై నిమిషాలు పడుతుంది. బ్రష్ ఒకేసారి లాగాలి. వేసిందాని మీదే రెండోసారి లాగితే జిగురు, రంగు కలిసిపోయి పగుళ్లు మూసుకుపోతాయి. బ్రష్ ఎటు లాగితే పగుళ్లు అటే నడుస్తాయి, రోలరుతో వేస్తే వలలా వస్తాయి. జిగురు దళసరి అయితే పెద్ద పగుళ్లు, పలచనైతే వెంట్రుకలంత. బీరువా నిండా కాక ఒక్క సొరుగు ముఖానికో, ఒక పలకకో చేస్తేనే నమ్మేలా ఉంటుంది.

ప్రశ్న: కుర్చీ కాళ్లలో సన్నని రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి. రంగు వేస్తే మూసుకుపోతాయి కదా?

రంధ్రాలు మూసుకుపోతాయి, పుచ్చు ఆగదు. పొడి తాజాగా, లేత రంగులో రాలుతుంటే పురుగు లోపల బతికే ఉంది. రంగు లేని చెక్కలోకే మందు ఇంకుతుంది కాబట్టి ఈ పని ముందు కావాలి. పుచ్చు మందును సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించి, లప్పంతో మూసి, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడండి. కాగితం మీద కొత్త పొడి పడకపోతేనే రంగు డబ్బా తెరవండి.

ప్రశ్న: తాతల నాటి రోజ్‌వుడ్ కుర్చీ నల్లబడి, మెరుపు పోయింది. ఏ రంగు బాగుంటుంది?

రంగు తర్వాత, ముందు కడిగి చూడండి. నల్లబడినవాటిలో చాలా వరకు చెక్కకు ఏమీ కాదు, పాత మైనం, చేతి జిడ్డు, పొగ కలిసి పట్టిన పొర అది. టర్పెంటైన్ తడిపిన బట్టతో కనబడని చోట, సీటు అడుగున తుడిచి చూడండి. బట్ట గోధుమరంగుకు తిరిగి, కింద ఎర్రని రేఖలు తేలితే ఆ కుర్చీకి కావాల్సింది తెల్లమైనం ఒక పూత, అంతే.

పాత పాలిష్ ఏదో తెలుసుకోవాలంటే దూది మీద స్పిరిట్ చుక్క వేసి అడుగున నిమిషం ఆనించండి. జిగటగా మారితే షెల్లాక్ పాలిష్. అది సులువుగా బాగవుతుంది, చిన్న గీతలు కొత్త షెల్లాక్‌లో కలిసిపోతాయి. గ్లాసు పెట్టిన తెల్లని వలయం పాలిష్‌లో చిక్కిన తేమ, పైపైదే. నల్లని వలయమైతే నీళ్లు చెక్కదాకా దిగాయి. దానికి పాలిష్ గీకి, మరకను పోగొట్టే ఆక్సాలిక్ యాసిడ్ పెట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: రంగు వేశాక సొరుగులు బిగుసుకుపోయాయి. లాగితే రంగు పెచ్చులు లేస్తోంది.

సొరుగు పక్కలకూ, అది జారే చెక్కపట్టీలకూ రంగు వేయకూడదు. పూత దళసరి రెండు వైపులా కలిసి ఆ సన్నని సందు కాస్తా మూసేస్తుంది. తేమ రోజుల్లో రంగు పైన రంగు అతుక్కుంటుంది కూడా. పక్కల రంగును 120 నంబరుతో చెక్క కనబడేదాకా తీసి, 220తో నున్నగా చేసి, తెల్ల కొవ్వొత్తి ముక్కతో పట్టీల మీద నాలుగైదుసార్లు రుద్దండి. ముఖం అంచున లేచిన పెచ్చులకు రంగు మళ్లీ పూసి, ఆ సొరుగును రెండు రోజులు బయటే ఉంచి, ఆరాకే లోపలికి నెట్టండి.