ఘాట్ దిగి వచ్చాక మూత్రం ముదురు రంగులో వస్తే?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. ఒడిశాలోని జయపురంలో కిరాణా షాపు నడుపుతున్నాను. 21 కిలోమీటర్ల పరుగు రెండుసార్లు పూర్తి చేశాను, రెండూ చదును రోడ్ల మీదే. వచ్చే జనవరిలో మొదటిసారి పూర్తి మారథాన్‌కు పేరు ఇచ్చాను. అది కొండదారి, మొత్తం ఎక్కుడు 900 మీటర్లు ఉంటుందట. మూడు వారాల కిందట ప్రాక్టీసు కోసం కొరాపుట్ నుంచి ఘాట్ రోడ్డు మీదుగా జయపురం దాకా పరుగున దిగాను. ఆయాసం రాలేదు గానీ మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను, నొప్పి మాత్రలు వేసుకున్నాను. మర్నాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చి, తర్వాత సర్దుకుంది. కొరాపుట్ ఎత్తులో గాలి పలచగా ఉండటం వల్లే ఇలా అయిందా? మా అక్క కొడుకుకి సికిల్ సెల్ జబ్బు ఉంది. దానికీ నా పరుగుకీ సంబంధం ఉందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు గాలి సంగతి. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. పరుగులో తేడా తెలియాలంటే దాదాపు 1,500 మీటర్లు దాటాలి. 1,672 మీటర్ల దేవమాలి కొండ మీద పరుగెత్తితే కొంత తెలుస్తుందేమో గానీ, మీ ఘాట్ మీద కాదు. ఆయాసం రాలేదని మీరే రాశారు కదా. దెబ్బ తిన్నది ఊపిరితిత్తులు కాదు, తొడలు.

ఎక్కేటప్పుడు కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒంటి బరువును ఆపడానికి తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకోవాలి. అలా సాగుతూ బిగుసుకున్నప్పుడు కండ లోపలి పోగులు సన్నగా తెగుతాయి. అందుకే నొప్పి ఆ రోజు కాక మర్నాడు, రెండో రోజు ఎక్కువవుతుంది. అంతవరకు భయపడాల్సింది లేదు, అదే తగ్గుతుంది. నన్ను కలవరపెట్టింది డికాక్షన్ రంగు. కండ బాగా దెబ్బతింటే అందులోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీల్లోకి చేరుతుంది. అది ఎక్కువైతే కిడ్నీలకు ప్రమాదం. అదే సమయంలో మీరు నొప్పి మాత్రలు వేసుకున్నారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. నీళ్లు కూడా సరిగా తాగకపోతే మూడూ కలిసి నష్టం చేస్తాయి. పరుగుకు ముందు, మధ్యలో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఈ మాత్రలు వద్దే వద్దు. మీ షాపులో ఎవరైనా అడిగినా ఈ మాట చెప్పండి. ఇంకోసారి ఆ రంగు కనిపిస్తే ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సీపీకే (కండ దెబ్బను చూపేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును చూపేది) రక్త పరీక్షలు చేయించుకోవాలి.

మూడు వారాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు సీపీకే చేసినా మామూలుగానే రావచ్చు. క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ, ఈసీజీ మాత్రం చేయించండి. మీ కుటుంబంలో ఎవరైనా 55 ఏళ్లలోపు గుండెపోటుతో పోయి ఉంటే, లేదా పరుగులో మీకు ఛాతీలో పట్టేసినట్టుంటే, కళ్లు తిరిగితే, ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అవసరం.

సికిల్ సెల్ గురించి మీరు అడగడం మంచిదైంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు అది. జబ్బున్న బిడ్డకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు వస్తాయి. అంటే మీ అక్క క్యారియర్, అంటే జబ్బు లేకుండా అలాంటి జన్యువు ఒక్కటే ఉన్న మనిషి, అయ్యే అవకాశం ఎక్కువ. ఆవిడ క్యారియర్ అయితే మీరూ అయ్యే అవకాశం కనీసం సగానికి సగం. క్యారియర్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఎండలో, నీరు తగ్గి, శక్తికి మించి శ్రమపడినప్పుడు వారిలో కొందరికి కండరాలు తీవ్రంగా దెబ్బతింటాయి. మామూలుగా పిక్క పట్టేస్తే కండ రాయిలా గట్టిపడుతుంది. కండ మెత్తగానే ఉండి కాళ్లలో బలం పోయి కూలిపోతున్నట్టుంటే మాత్రం అది వేరు. వెంటనే ఆగి సాయం పిలవాలి. క్యారియర్ అని తేలినా పరుగు మానేయాల్సిన పని లేదు, తొందరపడకూడదు అంతే. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల వరకు పరీక్షలు చేస్తున్నారు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. మీ అక్కగారినీ వెంట తీసుకెళ్లండి.

ఇక ప్రాక్టీసు. రిపోర్టులు బాగుంటే మొదటి రెండు నెలలు ఘాట్ పైకి పరుగెత్తండి, కిందకి బస్సెక్కి రండి. నడక కలిపినా తప్పు లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం, మాట తెగితే నడవండి. దిగడాన్ని మందులా కొద్ది డోసుతో మొదలుపెట్టాలి. పది, పదిహేను రోజులకోసారి చిన్న వాలులో ఒకటి రెండు కిలోమీటర్లు చాలు. ఒకసారి కాస్త దెబ్బ తిని కోలుకున్న కండరం, కొన్ని వారాల పాటు అదే దెబ్బను బాగా తట్టుకుంటుంది. ఆ గుణాన్ని మనం వాడుకోవాలి. దిగేటప్పుడు వెనక్కి వాలి బ్రేకులు వేయకండి, మోకాలు కొంచెం వంచి చిన్న చిన్న అడుగులు వేయండి. చివరి పెద్ద దిగుడు పోటీకి రెండు మూడు వారాల ముందే అయిపోవాలి. బూటులో బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోరు నల్లబడుతుంది.

కిడ్నీల భయంతో చెంబులకొద్దీ నీళ్లు తాగకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం (రక్తంలోని ఉప్పు) తగ్గి ఉంది. పరుగులో బరువు పెరిగేంతగా తాగిన వారిలోనే అది ఎక్కువగా కనిపించింది. సోడియం బాగా పడిపోతే మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. దాహమైనప్పుడే తాగండి. పొడుగు పరుగుల్లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. అరటిపండు, బెల్లం ముక్క చాలామందికి సరిపోతాయి. ఉప్పు వేసిన రాగి అంబలి పొట్టకు పడుతుందో లేదో ప్రాక్టీసులోనే చూసుకోండి.

వానల కాలంలో మీ జిల్లాలో మలేరియా ఉంటుందని మీకు తెలిసిందే. చలిజ్వరం వస్తే రక్త పరీక్ష చేయించుకోండి. జ్వరంతో గానీ, తగ్గిన మర్నాడే గానీ పరుగెత్తవద్దు.

రిపోర్టులు వచ్చేదాకా చదును రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లు మెల్లగా పరుగెత్తండి, ఘాట్ వైపు వెళ్లకండి. క్రియాటినిన్ అంకె, సికిల్ సెల్ ఫలితం నాకు రాసి పంపండి. జనవరి సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.