ఏనుగుల కంటే ముందు నేల

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత యుద్ధాలను బల్ల మీద చిన్న బొమ్మ సైన్యాలతో, పాచికలు వేస్తూ ఆడే ఆటకు నువ్వు పంపిన జాబితా చూశాను. మొదటి వరసలో రోమన్లు, తర్వాత వాళ్ల శత్రువు, కార్తేజ్ సేనాని హానిబల్ సైన్యం, చివరన "కుదిరితే మన కొల్లేరు యుద్ధం కూడా". ఆ ఇద్దరూ తలపడిన కానే యుద్ధంతో మొదలుపెడతానంటున్నావు. క్రీ.పూ. 216లో ఆ ఒక్క మైదానంలో రోమన్ల తరఫున 80 వేల కాలిబలం నిలబడిందని గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ రాశాడు. ఎంత కుదించినా వందల బొమ్మలు కావాలి. అన్నిటికీ అదే డాలు, అదే శిరస్త్రాణం, అదే ఎరుపు. సగం రంగు పడ్డాక అటకెక్కిన రోమన్ సైన్యాలను నేను చాలా ఇళ్లలో చూశాను. కానే ఎక్కడికీ పోదు, తర్వాత చూద్దాం.

క్రీ.పూ. 326 నాటి జీలం యుద్ధంతో మొదలుపెట్టు. అలెగ్జాండరు, పురుషోత్తముడు. అందులో నది ఉంది, లంక ఉంది, వాన ఉంది, బురద ఉంది. కోనసీమలో పెరిగినదానివి, వీటి సంగతి నీకు ఒకరు చెప్పనక్కర్లేదు. బొమ్మల వేట ఇప్పుడే వద్దు. ముందు నేల తయారుచెయ్యి. అందరూ చివరికి వదిలేసేది అదే. పచ్చగుడ్డ ఒకటి పరిచి, దాని మీద రెండు సైన్యాలను నిలబెట్టి పాచికలు వేస్తే అది చదరంగానికి ఎక్కువ, యుద్ధానికి తక్కువ అవుతుంది.

ఎందుకంటున్నానో గ్రీకు చరిత్రకారుడు ఆర్రియన్ రాసింది చదివితే నీకే తెలుస్తుంది. ఆయన నాలుగు శతాబ్దాల తర్వాతివాడే అయినా, అలెగ్జాండరు వెంట ఉన్న టాలమీ, అరిస్టోబులస్ రాతలను ముందు పెట్టుకుని రాశాడు. పురుషోత్తముడు అవతలి ఒడ్డున ఏనుగులతో కాపు కాశాడు. ఏనుగులను చూస్తే గుర్రాలు తెప్పల మీద నిలవవు, నీళ్లలోకి దూకేస్తాయి. కనుక ఎదురుగా దాటే దారి లేదు. అలెగ్జాండరు రాత్రివేళ గుర్రపుదళాన్ని ఒడ్డు పొడవునా తిప్పి, కేకలు పెట్టించి, ఇదిగో దాటుతున్నాం అన్నట్టు హడావిడి చేయించాడు. మొదట్లో ప్రతి కేకకూ ఏనుగులను తోలుకొచ్చిన పురుషోత్తముడు కొన్నాళ్లకు విసిగి ఊరుకున్నాడు. అప్పుడు ఉరుములతో కుంభవృష్టి పడుతున్న ఒక రాత్రి, శిబిరానికి సుమారు 27 కిలోమీటర్ల దూరంలో అసలు దాటడం జరిగింది. తీరా ఒడ్డు చేరామని దిగితే అది లంక! అవతల ఇంకో పాయ, రాత్రి వానకు పొంగి ఉంది. కాలిబంట్లకు రొమ్ములోతు నీళ్లు, గుర్రాలకు తలలు మాత్రం పైకి. వరదల్లో మన లంకల వాళ్లు రేవు దాటడం చూసినదానివి, ఆ పాయను నీ అంత బాగా ఊహించగలిగినవాళ్లు నీ స్నేహితుల్లో ఎవరూ ఉండరు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కబురు అందగానే పురుషోత్తముడు తన కొడుకును 2,000 గుర్రాలతో, 120 రథాలతో పంపాడు. ఇది టాలమీ చెప్పిన లెక్క. రథాలు బురదలో కూరుకుపోయాయి, కొడుకు చనిపోయాడు. ఆ తర్వాత తండ్రి స్వయంగా బయలుదేరి, దారిలో బురద లేని చోటు, ఇసుక వల్ల చదునుగా గట్టిగా ఉన్న నేల చూసుకుని అక్కడ ఆగి సైన్యాన్ని తీర్చాడు. ఒకే నది ఒడ్డు మీద కొన్ని గంటల తేడాలో రెండు నేలలు, రెండు పోరాటాలు. బల్ల మీద ఈ రెండూ కనబడకపోతే ఆట మొదలుకాకముందే పురుషోత్తముడికి అన్యాయం జరిగినట్టే.

బల్లకు పాత ఇంటి తలుపు రెక్కలు రెండు పక్కపక్కన పరిస్తే చాలు, సుమారు 120 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. సెంటీమీటరుకు 25 మీటర్ల లెక్కన అది 3 కిలోమీటర్లు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. పురుషోత్తముడికి 200 ఏనుగులని ఆర్రియన్ అంటే, అలాంటి పాత చరిత్రకారులే డియోడోరస్ 130 అని, కర్షియస్ 85 అని రాశారు. ఏనుగుకూ ఏనుగుకూ మధ్య కనీసం 100 అడుగుల ఎడం ఉందని ఆర్రియనే అంటాడు. 200 ఏనుగులను ఆ ఎడంతో నిలబెడితే వరస 6 కిలోమీటర్లు దాటుతుంది. ఆ పొడవున ఎవరు ఎవరికి ఆజ్ఞలు అందిస్తారు? నేను 85 వైపు మొగ్గుతాను. అప్పుడు వరస 2.6 కిలోమీటర్లు, బల్ల మీద 104 సెంటీమీటర్లు. మిగిలిన అంచు నదికి. నది అలెగ్జాండరు కుడిచేతి వైపు రావాలి, ఎందుకంటే అతను దాటాక నది వెంట దిగువకు నడిచాడు.

నదికి నీలం రంగు వేశావంటే నేను రాను. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ధవళేశ్వరం వంతెన మీద నుంచి చూసిన రంగు వెయ్యి, పైన మెరుపు వార్నిష్ రెండు పూతలు. బురద నేలకు కొబ్బరి పొట్టు వాడు, అంబాజీపేట చుట్టుపక్కల ఊరికే దొరుకుతుంది. గలగలలాడేంతగా ఎండబెట్టి, జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించి, ముదురు గోధుమ రంగు వేసి, రథాలు దిగబడే చోట మాత్రం మెరుపు వార్నిష్ తాకించు. తడి నేల, పొడి నేల తేడా ఆ మెరుపుతోనే తెలుస్తుంది. సరిగా ఎండని పొట్టు మొదటి ముసురుకే బూజు పడుతుంది. ఇసుకకు గోదావరి ఇసుక టీ వడకట్టే జల్లెడలో వేసి పట్టిన పొడి మంచిది. అంతర్వేది ఇసుక తెస్తే మాత్రం రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడుగు. ఉప్పు ఉంటే అది గాలిలో తేమను పీలుస్తుంది, జిగురు పట్టు వదిలేస్తుంది.

ఇక సైన్యం. భారతంలోని అక్షౌహిణి లెక్క పెట్టుకుని, రథానికో ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు బంట్లు అని నువ్వు వేసిన పట్టిక ముచ్చటగానే ఉంది. కానీ ఆర్రియన్ చెప్పే పురుషోత్తముడి దగ్గర 30 వేల కాలిబలం, 4,000 గుర్రాలు, 300 రథాలు. కాలిబంట్లే సముద్రం. ఒక బొమ్మకు 500 మంది అనుకో: 60 మంది బంట్లు, 8 గుర్రాలు. ఒక రథానికి 50 చొప్పున 6 రథాలు. ఏనుగులు 8 చాలు. నది దాటిన అలెగ్జాండరు బలం దాదాపు 6,000 కాలిబలం, సుమారు 5,000 గుర్రాలు, అంటే 12, 10. మొత్తం 22 బొమ్మలు! వీటిని చూసి పురుషోత్తముడి పక్షం ఆడేవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వు.

మనిషి బొమ్మ 15 మిల్లీమీటర్ల ఎత్తుది తీసుకో. 28 మిల్లీమీటర్ల బొమ్మలు చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ తలుపు రెక్కల మీద ఊపిరాడవు. బంట్లను త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్ల చేత తీయించు, ఏనుగులు మాత్రం నువ్వే చెయ్యి. సన్న తీగ చట్రం మీద ఎం-సీల్ అద్ది, భుజం దగ్గర 3 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా చూసుకో. అలెగ్జాండరు తెచ్చిన మాసిడోనియా బంట్ల పొడవాటి ఈటెలకు కొబ్బరి ఈనెను మించింది లేదు. కొస వైపు సన్నటి భాగం మాత్రమే తీసుకుని, బ్లేడుతో గీకి, అయిదున్నర సెంటీమీటర్లకు కోసి, కొసన వెండి రంగు చుక్క పెట్టు. ప్రింటర్‌లో వచ్చే ఈటెలు చేయి తగిలితే విరుగుతాయి, ఈనె వంగి మళ్లీ నిలబడుతుంది. మన విలుకాళ్ల విల్లు మనిషంత ఎత్తు, ఒక కొస నేలకు ఆనించి ఎడమకాలితో తొక్కిపట్టి లాగేవాళ్లు. పొట్టి విల్లున్న బొమ్మలు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఈ విల్లు వల్ల ఆటలో ఒక నియమం పుడుతుంది, చూడు: నేల జారుడుగా ఉండి విల్లు సరిగా ఆనలేదని కర్షియస్ రాశాడు. అందుకని తడి నేల మీద విలుకాళ్ల పాచిక నుంచి ఒకటి తగ్గించు.

రంగులు మామూలు ఆక్రిలిక్ చాలు. ముందు ప్రైమర్, తర్వాత పెద్ద పెద్ద భాగాలకు రంగు, ఆపైన పలచని ముదురు గోధుమ పూత మడతల్లోకి దిగనిచ్చి, ఆరాక ఎత్తుగా ఉన్న చోట్ల లేత రంగు పొడి బ్రష్షుతో రుద్దు. కళ్లు గీయకు, ఆ సైజులో ఎవరికీ కనబడవు. స్ప్రే డబ్బాల విషయంలో మాత్రం జాగ్రత్త. ముసురు రోజున వార్నిష్ స్ప్రే చేస్తే గాలిలో తేమకు తెల్లగా పొగబట్టినట్టు అయిపోతుంది, నెల రోజుల పని మట్టిపాలవుతుంది. జూన్ నుంచి తుఫాన్ల కాలం దాటేవరకు బ్రష్షుతోనే పుయ్యి. స్ప్రే సంక్రాంతి దగ్గర, ఎండ ఎక్కాక.

నియమాల పుస్తకాలు చాలా ఉన్నాయి. ఏది తీసుకున్నా మూడు సంగతులు చేర్చు. ఒకటి, దాటడం బల్ల మీద ఆడకు. 27 కిలోమీటర్లు నీ లెక్కలో పది మీటర్ల పైమాటే. అది పటం మీద, మధ్యవర్తి సమక్షంలో, చీటీల్లో రాసి ఆడాలి. అలెగ్జాండరు రోజుకో చీటీ ఇస్తాడు, కొన్ని ఉత్తుత్తివి. పురుషోత్తముడు ప్రతిదానికీ ఏనుగులను కదిపితే అవి అలసిపోతాయి, కదపకపోతే అసలుది తప్పిపోవచ్చు. మధ్యవర్తిగా మీలో నోరు మెదపని మనిషిని పెట్టు. కనుబొమ్మ ఎగరేసినా గుట్టు బయటపడుతుంది. రెండు, బురదలో కదిలే ప్రతి రథానికి పాచిక వెయ్యి, మూడు లోపు పడితే అక్కడే ఉండిపోతుంది. మూడు, గాయపడిన ఏనుగు. ఒకటి రెండు పడితే ముందుకు, మూడు నాలుగు పడితే పక్కకు, అయిదు ఆరు పడితే వెనక్కి. దారిలో ఎవరుంటే వాళ్లకే దెబ్బ. వెనక ఖాళీ ఉన్న దళం మాత్రం తప్పుకోవచ్చు. మాసిడోనియావాళ్లకు తప్పుకోవడానికి చోటుంది, గుర్రపుదళం రెండు వైపుల నుంచీ నొక్కడంతో మనవాళ్లు ఏనుగుల మధ్యకు ఇరుక్కుపోయి వాటి కాళ్ల కిందే నలిగారు. ఈ ఒక్క నియమంతో ఆ 22 బొమ్మలు ఎలా గెలిచాయో నీ స్నేహితులకు బల్ల మీదే అర్థమవుతుంది.

గెలుపు ఎవరిదో చెప్పేటప్పుడు చరిత్రతో పోల్చి చూడు. పురుషోత్తముడు ఓడినా రాజ్యం దక్కించుకున్నాడు. ఎనిమిదో రౌండు ముగిసేసరికి నాలుగు ఏనుగులు నిలబడి ఉంటే అతని పక్షం గెలిచినట్టే రాసుకో. లేకపోతే ఓడిపోయే వైపు ఆడడానికి రెండోసారి ఎవరూ రారు.

కొల్లేరు సంగతికి వస్తాను, నీ మనసు అక్కడే ఉందని తెలుసు. ఐహొళె శాసనంలో రవికీర్తి అనే కవి రాసింది గొప్ప పద్యమే. 634 నాటి ఆ శాసనంలో చాళుక్య రాజు రెండో పులకేశి పిష్టపురాన్ని, అంటే మన పిఠాపురాన్ని, పట్టుకున్న ముచ్చట ఉంది. కునాల సరస్సు నీళ్లు ఏనుగుల గుంపులతో కిక్కిరిసి, నెత్తురుతో ఎర్రబడి సంధ్యాకాశంలా ఉన్నాయనీ ఉంది. ఆ సరస్సే కొల్లేరని చరిత్రకారులు అంటారు. కానీ ఆ పద్యంలో కుడి ఎడమలు లేవు, ఎవరు ముందు కదిలారో లేదు. రాజును పొగడడానికి రాసిన పద్యం నుంచి సైన్యాల అమరిక పిండలేం. పిండితే అది మన కల్పన అవుతుంది, దాన్ని యుద్ధం పేరుతో పిల్లలకు చూపించకూడదు. కొల్లేరు నేలను మాత్రం బల్ల మీద ఎంత బాగా చేసినా నాకు అభ్యంతరం లేదు. తుంగ, లోతు తక్కువ నీళ్లు, మధ్యలో ఏనుగులు. దృశ్యంగా చెయ్యి, పాచికలు వెయ్యకు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ప్రింట్ తీయించిన బంట్లను దూదిలో చుట్టి తీసుకురా, బస్సులో పై అరలో పెట్టకు. తలుపు రెక్కలు నేను కడిగించి ఉంచుతాను. ఈనెలు అత్తయ్య చీపుళ్ల కట్టలో నుంచి తీసుకోవడానికి వీల్లేదట, వేరే కోయించాలి. పక్షాలు ఎవరికి ఎవరన్నది చీటీలు వేసుకోండి గానీ, మొదటి ఆటలో పురుషోత్తముడు నేనే.

మీ మామయ్య