ఎమ్మెల్యే మెసేజ్‌లో "చట్టం వచ్చింది" అని ఉంటే మన పని అయినట్టేనా?

మీరు అడిగింది ఇదీ: అసెంబ్లీ సమావేశాలు అయిన ప్రతిసారీ ఎమ్మెల్యే గారి పేరుతో ఊరి వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ వస్తుంది, అందులో నియోజకవర్గం ముచ్చట్లు, కొత్త చట్టాలు అన్నీ ఉంటాయి. మీ బాబాయికి సాదాబైనామా భూమి, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద కొన్న భూమి ఉంది. ఆ మెసేజ్ చూపిస్తే తహసీల్ ఆఫీసులో పని అవుతుందా?

కాదు. ఇంత ఖాయంగా ఎలా చెప్తున్నానంటే, అలాంటి మెసేజ్‌లు రాసినవాణ్ని నేను. మీ ఎమ్మెల్యేవి కాదు లెండి, ఇంకొకరివి.

నల్లగొండ జిల్లాలో ఒక ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో 2024 మొదటి నుంచి ఏడాదిన్నర పనిచేశాను. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేవాణ్ని కాబట్టి రాత పనంతా నా నెత్తిన పడింది. పగలంతా లెటర్ ప్యాడ్ మీద సిఫారసు ఉత్తరాలు, కల్యాణలక్ష్మి చెక్కుల లిస్టులు, సీఎం రిలీఫ్ ఫండ్ దరఖాస్తులు. అసెంబ్లీ నడిచే రోజుల్లో మాత్రం సాయంత్రం హైదరాబాద్ నుంచి పీఏ ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెప్పేవాడు. వాటిని నలభై లైన్లు చేయాలి.

2024 డిసెంబరు 20న, భూ రికార్డుల ధరణి పోర్టల్ స్థానంలో తెచ్చిన భూభారతి బిల్లును తెలంగాణ అసెంబ్లీ ఆమోదించింది. ఆ రాత్రి పీఏ "ధరణి పోయింది, సాదాబైనామాలకు దారి దొరికింది, గట్టిగా రాయి" అన్నాడు. నేను గట్టిగానే రాశాను. "సాదాబైనామా రైతులకు శుభవార్త, ఏళ్లనాటి సమస్యకు శాశ్వత పరిష్కారం" అని మొదలుపెట్టి కింద మూడు దండాల బొమ్మలు కూడా పెట్టాను.

మా నాయిన 1997లో మా పాలోళ్ల (దాయాదుల) దగ్గర ఎకరం 12 గుంటలు కొన్నాడు. తెల్లకాగితం మీద రాసుకున్నారు, ఇద్దరు సాక్షులు వేలిముద్రలు వేశారు. అప్పట్లో మా దిక్కు అందరూ చేసింది అదే, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారని. అప్పటినుంచి దున్నుకుంటున్నది మేమే, పట్టా మాత్రం అమ్మినాయన పేరు మీదే ఉంది. ఆయన పోయాడు, పిల్లలు పట్నంలో స్థిరపడ్డారు.

ఆ మెసేజ్‌ను పక్కింటి పిల్లాడు చదివి వినిపిస్తే, సోమవారం పొద్దున్నే మా నాయిన బస్సెక్కి మండలానికి పోయాడు. నాకు మాట మాత్రం చెప్పలేదు. అక్కడ క్లర్కు "పెద్దమనిషీ, అది ఇంక బిల్లే. చట్టం గావాలె, రూల్సు రావాలె, అప్పుడు రా" అని పంపేశాడు. ఆ క్లర్కును నేను తప్పు పట్టను. రాత్రి ఇంటికొచ్చాక మా నాయిన అడిగిన మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది: "రాసింది నువ్వేనంట గదా బిడ్డా, మరి ఆఫీసుల ఎవ్వలికీ తెల్వదేంది?"

ఆ తర్వాతే నేను బుద్ధిగా కూర్చుని తెలుసుకున్నాను. అసెంబ్లీలో బల్లలు చరిచిన రోజుకు, మన కాగితం కదిలే రోజుకు మధ్య చాలా మెట్లున్నాయి. మండలి ఆమోదించాలి, గవర్నర్ సంతకం పెట్టాలి, గెజిట్‌లో రావాలి. ఆ తర్వాత ప్రభుత్వం రూల్సు రాసి, ఫలానా తేదీ నుంచి అమలు అని చెప్పాలి. భూభారతికి ఆ తేదీ 2025 ఏప్రిల్ 14. అప్పుడు కూడా ముందుగా నాలుగు మండలాల్లోనే మొదలుపెట్టారు, మన పాలమూరు దిక్కు నుంచి నారాయణపేట జిల్లా మద్దూరు అందులో ఒకటి. మా ఊరికి రెవెన్యూ సదస్సు పేరుతో టేబుల్, కుర్చీలు వచ్చింది జూన్‌లో. అంటే నేను "శుభవార్త" రాసిన ఆరు నెలలకు.

సాదాబైనామాలకు అదీ చాల్లేదు. ఈ చిక్కు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బాబాయి సంగతి తేలేది ఇక్కడే. 2020 అక్టోబరు, నవంబరుల్లో అప్పటి ప్రభుత్వం సాదాబైనామా దరఖాస్తులు తీసుకుంది. రాష్ట్రమంతా కలిపి సుమారు 9 లక్షలు వచ్చాయి. తీసుకుంటుండగానే, అక్టోబరు 29న, పాత 1971 భూ హక్కుల రికార్డు (ఆర్‌ఓఆర్) చట్టం పోయి 2020 చట్టం వచ్చింది. పాత చట్టంలో సాదాబైనామా క్రమబద్ధీకరణకు దారి ఉంది, కొత్తదాంట్లో ఆ దారే లేదు. లేని సెక్షన్ కింద ఎలా చేస్తారని హైకోర్టు స్టే ఇచ్చింది. దరఖాస్తులన్నీ అలాగే ఉండిపోయాయి. భూభారతిలో మళ్లీ సెక్షన్ పెట్టినా ఆ స్టే తొలగింది 2025 ఆగస్టులో, ప్రభుత్వం ఉత్తర్వు (జీఓ) ఇచ్చింది సెప్టెంబరులో. మా నాయిన మండలానికి వెళ్లిన రోజు నుంచి లెక్కేస్తే తొమ్మిది నెలలు. ఆ డిసెంబరు రాత్రి పీఏకి గానీ నాకు గానీ ఈ స్టే సంగతి గుర్తే లేదు. అబద్ధం చెప్పాలని కాదు. బిల్లు పాసైన సంబరంలో మిగతావి అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే.

అందుకే ఇప్పుడు ఎవరి మెసేజ్ వచ్చినా ముందు క్రియాపదం వెతుకుతాను. "ఆమోదం పొందింది" అంటే ఇంకా మన దాకా రాలేదు. "అమల్లోకి వచ్చింది" అని తేదీ, జీఓ నంబరు ఉంటే నిలబడి చదవాలి. "చారిత్రాత్మక" అన్న మాట ఎన్నిసార్లు వచ్చినా మన పనికి ఒక్క గుంట కలవదు. నేను ఆ మాట ఎన్నిసార్లు వాడానో తలుచుకుంటే నవ్వొస్తుంది.

2025 మార్చి సమావేశాల్లో వరుసగా వచ్చిన బిల్లులు చూడండి. ఎస్సీ వర్గీకరణ మార్చి 18న పాసైంది, ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌ను 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచారు. నెల కూడా పట్టలేదు. దానికి ఒక్కరోజు ముందు పాసైన బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు రాష్ట్రపతి దగ్గరికి వెళ్లి ఆగాయి. స్థానిక ఎన్నికల కోసం సెప్టెంబరులో ఇచ్చిన జీఓ మీద హైకోర్టు స్టే వచ్చింది. చివరికి డిసెంబరు పంచాయతీ ఎన్నికలు మొత్తం రిజర్వేషన్లు 50 శాతం పరిమితి దాటకుండానే జరిగాయి. మా ఊళ్లో ఒకతను మార్చిలో ఆ మెసేజ్ చూసి సర్పంచ్ సీటు బీసీ అవుతుందని లెక్కలేసుకుని దసరాకు ఊరంతా తిరిగాడు. మటన్ ఖర్చు మాత్రం మిగిలింది పాపం.

చట్టాలు పక్కన పెడితే, మెసేజ్‌లో సగం అభివృద్ధి పనులుంటాయి. అక్కడ కూడా అదే తంతు. "ప్రతిపాదనలు పంపాం", "మంత్రి గారి దృష్టికి తీసుకెళ్లాం" అంటే ఒక ఉత్తరం వెళ్లింది, అంతే. అలాంటి ఉత్తరాలు నేను వారానికి ఇరవై టైపు చేసేవాణ్ని. "పరిపాలనా అనుమతి వచ్చింది" అంటే కొంత నమ్మొచ్చు, జీఓ నంబరు అడగండి. దాని తర్వాత సాంకేతిక అనుమతి, టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు. కొబ్బరికాయ వీటిలో ఏ మెట్టు దగ్గరైనా కొట్టొచ్చు, అందుకని ఫొటో చూసి ఏమీ చెప్పలేం. శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం మాట మా దిక్కు ఇరవై ఏళ్లుగా వింటున్నాం. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయిన రోజు మాత్రం క్యాంపు ఆఫీసులో ఎవరూ నన్ను మెసేజ్ రాయమనలేదు, నేనూ అడగలేదు.

అలాగని ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లడం దండగ అనను. కల్యాణలక్ష్మి ఫైలు ఆయన దగ్గరి నుంచే కదలాలి. 1,00,116 రూపాయల చెక్కు ఆయన చేతుల మీదుగానే ఇస్తారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త: చెక్కు తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. మా ఆఫీసులో పంపిణీ కార్యక్రమానికి తేదీ కుదరక కొన్ని చెక్కులు గడువు అంచుదాకా వచ్చాయి. మంజూరైందని తెలిస్తే ఫంక్షన్ కోసం ఆగకుండా వెళ్లి అడగండి, మొహమాటపడకండి. అసెంబ్లీ ప్రశ్నోత్తరాల్లో మీ ఊరి సమస్య అడిగించుకోగలిగితే అది ఇంకా మంచిది. మంత్రి సభలో ఇచ్చిన జవాబు రికార్డులో ఉంటుంది, సభలో చెప్పిన తేదీకి అధికారులు కొంతైనా జడుస్తారు. భూమి రికార్డు మార్చే అధికారం మాత్రం ఎమ్మెల్యేకు లేదు. ఆయన రాసిచ్చేది "తగు చర్య నిమిత్తం" వరకే. ఆ ముక్క మీద ఆశ పెట్టుకుని మా ఆఫీసు అరుగు మీద పొద్దంతా కూర్చున్న ముసలోళ్లను చూశాను.

ఇక మీ బాబాయి సంగతి. మెసేజ్ ఇంట్లో పెట్టి, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 మధ్య మీసేవలో పెట్టిన దరఖాస్తు రసీదు ఉందేమో ముందు వెతకండి. అప్పుడు దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకే ఈ సెక్షన్ వర్తిస్తుంది. కొన్నది 2014 జూన్ 2కు ముందు అయి ఉండాలి, 12 ఏళ్లుగా భూమి మీ చేతుల్లోనే ఉండాలి. రసీదు పోతే దరఖాస్తు చేసిన మీసేవకు వెళ్లి నంబరు దొరుకుతుందేమో అడగండి. మాది అక్కడే దొరికింది. అసలు తెల్లకాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి. అనుభవదారు (సాగు చేస్తున్నవారు) అనే కాలమ్‌లో మీ వాళ్ల పేరున్న పాత పహాణీ (ఊరి భూమి రికార్డు) నకళ్లు, శిస్తు రసీదులు ఏవి దొరికితే అవి దగ్గర పెట్టుకోండి. విచారణకు వచ్చినప్పుడు చుట్టుపక్కల చెలకల రైతులు అక్కడ ఉండేలా చూసుకోండి, వాళ్ల మాట బాగా పనికొస్తుంది. తేల్చేది ఆర్డీఓ, కాబట్టి తహసీల్ ఆఫీసులో "ఫైలు పైకి పోయిందా" అని అడగాలి.

అమ్మినవాళ్ల వారసులతో ముందే మాట్లాడి పెట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. నోటీసు అందాక వాళ్లకు ఆ భూమి రేటు గుర్తొస్తుంది. మా పాలోళ్ల పెద్దకొడుకు మొదట "చూద్దాం బాబాయ్" అన్నాడు. మా నాయిన రెండుసార్లు పట్నం వెళ్లి, వాళ్లింట్లో భోంచేసి, పాత సాక్షుల్లో బతికున్న ఒకాయనను వెంట తీసుకెళ్తే అప్పుడు ఒప్పుకున్నాడు. మా ఫైలు ఇప్పుడు ఆర్డీఓ దగ్గర ఉంది.