షూలో ‘సెన్సరీ’ ఇన్‌సోల్ వేసుకుంటే కాలి నొప్పి పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలం. నాకు 19 ఏళ్లు. ఆర్మీ ర్యాలీ కోసం మూడు నెలలుగా రోజూ తెల్లవారుజామున హైవే పక్కన పరిగెడుతున్నాను. 1.6 కిలోమీటర్లకు ఆరు నిమిషాలు పడుతోంది. ఇంకా తగ్గించాలని టెన్షన్. నెల రోజుల నుంచి రెండు కాళ్లకూ మోకాలి కింద ఎముకకు లోపలి వైపు నొప్పి. బరంపురంలో ఒక షాపులో బొడిపెలున్న ‘సెన్సరీ ఇన్‌సోల్’ చూపించారు. మామూలుగా నిలబెట్టి చెయ్యి కిందికి లాగితే తూలిపోయాను, దాని మీద నిలబెట్టి లాగితే కదల్లేదు. ధర 2,800 రూపాయలు. స్పీడ్ పెరుగుతుంది, దెబ్బలు తగలవు, ఫ్లాట్ ఫుట్ (అరికాలిలో వంపు లేకపోవడం) కూడా పోతుంది అన్నారు. కొనమంటారా? ఇప్పటికైతే మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకుని పరిగెడుతున్నాను.
– ఒక పాఠకుడు, కంచిలి

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన మాత్ర సంగతి ముందు చూద్దాం. దాన్ని ఈ రోజే ఆపేయండి. అడగ్గానే షాపుల్లో చేతికిచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలు. చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కూడా కిడ్నీలకు రక్తం అందేలా శరీరం కొన్ని రసాయనాలను తయారు చేసుకుంటుంది. ఈ మాత్రలు అడ్డుకునేది వాటినే. ఎక్కడి కుర్రాడికైనా ఇదే మాట చెబుతాను, మీది ఉద్దానం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కవిటి, సోంపేట, కంచిలి చుట్టుపక్కల కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా ఖాయంగా తేలలేదు. అలాంటి చోట ఉంటూ తెలిసి తెలిసి ఇంకో ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోకండి. సోంపేటలోనో పలాసలోనో కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ అనే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష ఒకసారి చేయించుకోండి. పైగా మాత్ర వేసుకుని పరిగెడితే నొప్పి తెలియదు, ఎముకలో సన్నటి పగులు ఉంటే అది పెరుగుతున్నా తెలియదు.

ఇక షాపులో జరిగింది. మొదటిసారి చెయ్యి ఎప్పుడు లాగుతారో, ఎంత బలంగా లాగుతారో మీకు తెలియదు. రెండోసారికి మీకు తెలియకుండానే ఒళ్లు బిగపడుతుంది. దానికి తోడు, చేతిని కాస్త బయటికి లాగితే మనిషి తూలుతాడు, ఒంటి వైపుకి నొక్కితే నిలబడతాడు. ఆ కొద్ది తేడా పక్కనున్నవాళ్లకు కనిపించదు. నమ్మకం లేకపోతే ఈసారి ముందు ఇన్‌సోల్ మీద నిలబడి, తర్వాత అది తీసేసి లాగమనండి. ఈ ఆట పాతదే. హోలోగ్రామ్ అతికించిన చేతి బ్యాండ్లను సరిగ్గా ఇలాగే అమ్మిన కంపెనీ ఒకటి, తమ ప్రచారానికి శాస్త్రీయ ఆధారం లేదని 2010 చివర్లో ఆస్ట్రేలియాలో ఒప్పుకోవాల్సి వచ్చింది.

అలాగని ఇన్‌సోల్ వెనకున్న ఆలోచనంతా బూటకమని అనను. అరికాలి చర్మంలో ఒత్తిడిని, సాగుడును, కంపనాన్ని పసిగట్టే నాడీ కొసలు బోలెడు ఉంటాయి. ఒంటి బరువు మడమ మీదుందా, వేళ్ల మీదుందా అన్న కబురు అక్కడి నుంచే మెదడుకు వెళుతుంది. ఐసుతో అరికాలిని తిమ్మిరెక్కించి నడిపిస్తే నడక తీరే మారిపోతుంది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కాలిన్స్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. కాలికి తెలియనంత సన్నటి కంపనం ఇచ్చే జెల్ ఇన్‌సోల్స్ మీద నిలబెడితే, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, ఒళ్లు ఊగడం తగ్గింది. అయితే వాళ్లందరూ కదలకుండా నిలబడ్డవాళ్లు, పైగా కొద్దిమంది. వయసు మీదపడి అరికాలి స్పర్శ తగ్గినవాళ్లకు అక్కరకొచ్చే సంగతి, అరికాలు చక్కగా పనిచేస్తున్న 19 ఏళ్ల కుర్రాడి పరుగును అర నిమిషం తగ్గిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. ఫోన్‌కు కనెక్ట్ అయ్యే సెన్సర్ ఇన్‌సోల్స్ వేరే రకం. పాదం మీద ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో అవి కొలుస్తాయి. కొలిచినంత మాత్రాన దెబ్బ తగలకుండా ఆగదు.

దెబ్బలు తగ్గుతాయా అన్నది మీలాంటి వాళ్ల మీదే, అంటే సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల మీదే బాగా పరీక్షించారు. 2017లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం, పాదానికి దన్నుగా ఉండే ఆర్థోసిస్‌లు ఎముక పగుళ్లను కొంత తగ్గించాయి. కుదుపు తగ్గిస్తాయనే మెత్తటి ఇన్‌సోల్స్ వల్ల మాత్రం ఉపయోగం కనిపించలేదు. అరికాలి వంపును బట్టి షూ ఎంచి ఇస్తే దెబ్బలు తగ్గుతాయేమోనని అమెరికా సైన్యం కూడా చూసింది, తగ్గలేదు.

మీ నొప్పి దగ్గరికి వద్దాం. కూర్చుని ఆ ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో కింది నుంచి పైకి నొక్కుకుంటూ రండి. నాలుగైదు వేళ్ల మేర పరుచుకుని నొప్పి ఉంటే అది షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు భారం ఎక్కువై ఆ ఎముక అంచున వచ్చే నొప్పి కావచ్చు. ఒక్క వేలు పట్టేంత చోట నొక్కగానే ప్రాణం లేచిపోతే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో పగులును అనుమానించాలి. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో పగులు కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుంది కదా అని మళ్లీ గ్రౌండ్‌కి పోకండి, అవసరమైతే ఎమ్మారై తీయించుకోవాలి. పగులు తేలితే ఈ ర్యాలీ వదులుకోవాల్సి రావచ్చు.

షిన్ స్ప్లింట్సే అయితే కారణం మీ ఉత్తరంలోనే ఉంది. రోజూ పరుగు, రోజూ ఫుల్ స్పీడు, విరామం లేదు. ఎముకకు సర్దుకునే టైమ్ కావాలి. రెండు వారాలు పరుగు మానేసి సైకిల్ తొక్కండి. అరగంట నడిచినా నొప్పి రాని రోజున మొదలుపెట్టి, రోజు విడిచి రోజు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. వేగం సంగతి ఆఖర్న. అంగలు చిన్నవి చేసి, అడుగులు త్వరగా వేయండి. హైవే అంచు ఓ పక్కకు వాలుగా ఉంటుంది, రోజూ ఒకే వైపు పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. చీకట్లో లారీల పక్కన పరుగెందుకని కూడా నా బాధ. హైస్కూల్ గ్రౌండ్ మేలు. బారువ బీచ్‌కి వెళ్లేవాళ్లుంటారు గానీ పొడి ఇసుకలో పిక్కల మీద భారం పెరుగుతుంది, ఈ నొప్పి ఉన్నన్నాళ్లూ వద్దు.

ఇంట్లో మెట్టు అంచున ఒంటికాలిపై మడమ పైకి లేపి దించడం, ఒక్కో కాలికి 15 సార్లు, మూడు విడతలు చేయండి. పళ్లు తోముకునేటప్పుడు వట్టి కాళ్లతో ఒంటికాలి మీద నిలబడండి. చీలమండ బెణకడాన్ని ఇలాంటి బ్యాలెన్స్ సాధన తగ్గిస్తుందని మంచి ఆధారాలున్నాయి, ఖర్చూ లేదు. ఆ 2,800 పెట్టి మీ కాలికి సరిపడే రన్నింగ్ షూ కొనుక్కోండి. మడమ ఒక పక్కకు అరిగిపోయిన పాత జత ఉంటే ముందు దాన్ని మార్చండి. ఎవరైనా బొడిపెల ఇన్‌సోల్ ఇప్పటికే కొనేసి ఉంటే రోజుకు అరగంట ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకోవచ్చు. షుగర్ ఉండి అరికాళ్లు మొద్దుబారినవాళ్లు మాత్రం జోలికి పోవద్దు, పుండు పడినా తెలియదు.

ఫ్లాట్ ఫుట్ ఏ ఇన్‌సోల్‌తోనూ పోదు. ఆర్మీ మెడికల్‌లో పాదాలను షూ విప్పించే చూస్తారు. మునివేళ్ల మీద నిలబడి చూసుకోండి. అరికాలిలో వంపు కనిపించి, నొప్పి లేకపోతే అది చాలామందిలో ఉండేదే, వైద్యం అక్కర్లేదు. వంపు రాకుండా పాదం బిగుసుకుని ఉంటే దరఖాస్తు పెట్టకముందే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి.