ప్రీమెడ్‌లో (మెడికల్ స్కూల్‌కి ముందు చేసే డిగ్రీ చదువులో) ఉండగా ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారితే మెడికల్ స్కూల్ సీటుకి దెబ్బా?

అడిగిన అబ్బాయి డాలస్ దగ్గర స్టేట్ యూనివర్సిటీలో సెకండియర్ అంట, ఆర్గానిక్ కెమిస్ట్రీ వన్‌లో బి ప్లస్ వచ్చిందంట, ఇంకా పేరున్న చోటికి మారితే జీపీఏ కొత్తగా మొదలవుతుందనీ, మెడికల్ స్కూల్ వాళ్ళు కూడా పేరు చూస్తారనీ ఫ్రెండ్స్ చెప్తున్నారంట, నిజమేనా అంటున్నాడు. ఆర్గానిక్ టూ కొత్త చోట చేయొచ్చా అని కూడా అడిగాడు. మా అమ్మాయి టెక్సాస్‌లోనే రెండేళ్ళు ఒకచోట చదివి మూడో ఏడాదికి ఇంకో పబ్లిక్ యూనివర్సిటీకి మారింది, ఇప్పుడు ఈ రాష్ట్రంలోనే మెడికల్ స్కూల్లో ఉంది. మా పిల్లల వయసువాడివి కాబట్టి నువ్వు అనే అంటాను బాబూ.

కొత్త జీపీఏ అనేది ఆ యూనివర్సిటీ రికార్డులో మాత్రమే. ఇక్కడి పబ్లిక్ మెడికల్ స్కూళ్ళకి అప్లై చేసే టీఎండీఎస్ఏఎస్ అయినా, మిగతా రాష్ట్రాల్లో ఎక్కువ స్కూళ్ళు వాడే ఆమ్‌కాస్ అయినా నువ్వు చదివిన ప్రతి కాలేజీ గ్రేడ్లూ పోగేసి వాళ్ళే లెక్క కడతారు. హైస్కూల్లో ఉండగానే ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ కాలిన్‌లో డ్యుయల్ క్రెడిట్, అంటే హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సులు, చేసుంటే అవీ వస్తాయి, డాలస్ పక్కనున్న మన ప్లేనో, ఫ్రిస్కో పిల్లల్లో చాలామందికి అప్లికేషన్ నింపేదాకా ఈ సంగతి తెలీదు. నీ బి ప్లస్ ఆమ్‌కాస్‌లో 3.3, టీఎండీఎస్ఏఎస్‌లో 3.0, ఎందుకంటే వాళ్ళకి ప్లస్సులూ మైనస్సులూ లేవు, అదే ఏ మైనస్ వచ్చినవాళ్ళకి అక్కడ 4.0 పడుతుంది. ఎక్కడికి మారినా ఇది మారదు.

పేరు సంగతంటావా, టెక్సాస్ పబ్లిక్ మెడికల్ స్కూళ్ళలో కనీసం 90 శాతం సీట్లు రాష్ట్ర రెసిడెంట్లకే ఇవ్వాలని రూల్, అందులో చూసేది నువ్వు ఈ రాష్ట్రంలో స్థిరపడినవాడివా అనే కానీ కాలేజీ పేరు కాదు. డాలస్‌లో ఉన్నా ఆస్టిన్‌లో ఉన్నా నువ్వు రెసిడెంటువే, దానికోసం మారక్కర్లేదు.

మా అమ్మాయికి ఎక్కడ ఇబ్బంది వచ్చిందో చెప్తాను. జూన్‌లో ఓరియెంటేషన్‌కి తీసుకెళ్ళాం, పేరెంట్స్‌ని వేరే హాల్లో కూర్చోబెట్టి పార్కింగ్ గురించీ మీల్ ప్లాన్ గురించీ చెప్తున్నారు, నేను మధ్యలో బయటికొస్తే మా అమ్మాయి మెట్లమీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏంటమ్మా అంటే, తను రెండు సెమిస్టర్లు కష్టపడి చేసిన ఆర్గానిక్ కెమిస్ట్రీ, లాబ్‌తో సహా, ఒట్టి ఎలెక్టివ్ కింద పడిందంట. క్రెడిట్ గంటలు వచ్చాయి కానీ ఆ కోర్సు చేసినట్టు లెక్క కాదు. అది లేకపోతే ఫాల్‌లో బయోకెమిస్ట్రీ తీసుకోనివ్వరు, బయోకెమ్ లేకుండా ఎంకాట్‌కి, అంటే మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్షకి, కూర్చోవటం కష్టం, ఎంకాట్ వెనక్కి పోతే అప్లికేషన్ ఒక ఏడాది వెనక్కి. అడ్వైజర్ ఏమో సిలబస్ పంపండి, డిపార్ట్‌మెంట్ చూస్తుంది, నాలుగు వారాలు పట్టొచ్చు అన్నారంట, ఈలోపు సీట్లు నిండిపోవా? కమ్యూనిటీ కాలేజీ కోర్సులకైతే బయాలజీ 1406, కెమిస్ట్రీ 1411 అని రాష్ట్రమంతా ఒకే నంబర్లున్నాయి, పెద్ద యూనివర్సిటీలు చాలావాటికి వాటి సొంత నంబర్లు, ఒకే ప్రభుత్వం డబ్బుతో నడిచే రెండు చోట్ల ఆర్గానిక్ కెమిస్ట్రీ వేరేవేరే ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పాత కోర్సు పేజీ అప్పటికే మూసేశారు. అది అక్కడే కూర్చుని పాత ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టింది. వారం వారం ఆయన ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థుల డౌట్లకి ప్రొఫెసర్ కేటాయించే టైముకి) వెళ్ళేది, డౌట్ లేకపోయినా వెళ్ళేది. మేం తిరిగి ఇల్లు చేరేసరికి ఆయన సిలబస్, లాబ్‌లో చేయించిన ప్రయోగాల లిస్టు, ఒక ఫైనల్ పేపరు పంపించి, కొత్త డిపార్ట్‌మెంట్‌కి నేరుగా ఇంకో మెయిల్ రాశారు, ఈ అమ్మాయి నా దగ్గర ఇంత చదివింది, మళ్ళీ చదివించటం దండగ అని. నాలుగు వారాలన్నది ఆ వారంలోనే తేలిపోయింది, బయోకెమ్‌లో వెయిట్‌లిస్ట్ మీద సీటు దొరికింది. తర్వాత మెడికల్ స్కూల్‌కి సిఫార్సు లెటర్ కూడా ఆయనే రాశారు, ఇంటర్వ్యూలో ఆ లెటర్లో ఉన్న విషయమే తీసి అడిగారంట. దానికి సీటొచ్చింది ఆ లెటర్ వల్లేనని నా గట్టి నమ్మకం, ఎవరేమన్నా సరే.

అందుకే బాబూ, నువ్వు అడగాల్సింది నిన్నెరిగిన ప్రొఫెసర్లు ఎంతమంది ఉన్నారని. టీఎండీఎస్ఏఎస్ మే 1న తెరుచుకుంటుంది. రెండేళ్ళ తర్వాత మారి, గ్యాప్ లేకుండా వెళ్ళాలంటే మూడో ఏడాది మే నాటికి కొత్త చోట నీకు గడిచేది రెండు సెమిస్టర్లే. మూడొందల మంది కూర్చునే హాల్లో ఆ రెండు సెమిస్టర్లలో నీ పేరు తెలిసే ప్రొఫెసర్ ఎవరుంటారు? లాబ్‌లో రీసెర్చ్ కావాలంటే మళ్ళీ మొదటినుంచీ మెయిళ్ళు పెట్టుకోవాలి, హాస్పిటల్ వాలంటీరింగ్‌కి మళ్ళీ టీకాల కాగితాలూ ట్రైనింగూ. ఫ్రెష్‌మన్‌గా చేరినప్పుడిచ్చిన స్కాలర్‌షిప్ వెంట రాదు, అదీ చూసుకో.

మనవాళ్ళతో నాకున్న బాధ ఇక్కడే. ఏ గృహప్రవేశానికెళ్ళినా మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అని అడిగి, దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీ పేరు చెప్పగానే అయ్యో అన్నట్టు మొహం పెడతారు. ఎంసెట్ ర్యాంకుకి కాలేజీ చూసుకున్న తరం మనది, ఆ లెక్కే ఇక్కడి పిల్లల మీద పెడుతున్నాం. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు ఆ చూపుల కోసం తనని ఎరిగిన ప్రొఫెసర్లని వదిలేసి వెళ్ళటం నాకు చాలా బాధనిపిస్తుంది. మా అమ్మాయి మారింది తనకి కావాల్సిన పబ్లిక్ హెల్త్ మేజర్ మొదటి చోట లేదు కాబట్టి. నీకు అలాంటి కారణమో, ఇంట్లో డబ్బు ఇబ్బందో, అక్కడ ఆరోగ్యం సరిగ్గా ఉండకపోవటమో ఉంటే మారు, మెడికల్ స్కూల్ వాళ్ళు దాన్ని తప్పుగా చూడరు, అడిగితే ఉన్నది చెప్తే చాలు.

ఆర్గానిక్ టూ మాత్రం వన్ చేసిన చోటే చెయ్యి, స్ప్రింగ్‌లో కుదరకపోతే సమ్మర్‌లో అక్కడే. ఒక్కో ప్రొఫెసర్ ఒక్కో పుస్తకం, ఒకరు వన్‌లో చెప్పింది ఇంకొకరు టూలో చెప్తారు, మధ్యలో దూకితే కొన్ని చాప్టర్లు నువ్వు ఎక్కడా చదవవు. ప్రతి సైన్స్ కోర్సు సిలబస్ ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, లాబ్ మాన్యువల్‌తో సహా.