ఆలస్యంగా వచ్చిన భయం

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. రెండు నెలల క్రితం మావారు బండి మీద ఆఫీసుకు వెళ్తుండగా, ఆయనకు నాలుగడుగుల ముందున్న ఆటోను లారీ గుద్దేసింది. ఆయనకు చిన్న గీత కూడా పడలేదు, మర్నాడు మామూలుగానే ఆఫీసుకు వెళ్లారు. రెండో వారం నుంచి మాత్రం రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే చేతిలో పేపరు జారవిడిచి లేచి నిలబడుతున్నారు. బండి తీయడం మానేసి మెట్రోలో వెళ్తున్నారు. ‘జరిగిన రోజున లేని భయం ఇప్పుడెందుకు? నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుంది’ అంటున్నారు మా అత్తయ్యగారు. ఒత్తిడి గురించి బెంగళూరులో ఎలుకల మీద ఏవో ప్రయోగాలు చేశారని విన్నాను. వాటికీ మావారి పరిస్థితికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: జరిగిన రోజున లేని భయం ఇప్పుడెందుకని మీ అత్తయ్యగారు అడిగినది చాలా విలువైన ప్రశ్న. మీరు విన్న ప్రయోగాలు సరిగ్గా ఆ విషయాన్నే తేల్చాయి.

ప్రమాదం కంటబడగానే మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్లి, కార్టిసాల్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. ఎలుకల్లో ఇదే పని చేసే హార్మోను, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోని కణాలకు చేరి అక్కడ నిలుస్తుందని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌ఎవెన్ బృందం 1968లో చూపింది. అప్పటి నుంచి చాలాకాలం ఒత్తిడి పరిశోధకుల చూపు ఎక్కువగా హిప్పోకాంపస్ మీదే నిలిచింది. బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం దాంతోపాటు, భయానికి కేంద్రమైన ఎమిగ్డలాను కూడా పరిశీలించింది. అది బాదంగింజ ఆకారంలో ఉండే చిన్న భాగం.

రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు ఎలుకలను కదలకుండా బంధిస్తే, హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోగా, ఎమిగ్డలాలో అవే కొమ్మలు పెరిగాయని 2002లో వారు ప్రకటించారు. ఆ తర్వాత ఎలుకలకు ఏ ఒత్తిడీ లేకుండా 21 రోజుల విశ్రాంతి ఇచ్చి చూస్తే హిప్పోకాంపస్ కోలుకుంది, ఎమిగ్డలాలో పెరిగిన కొమ్మలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ‘నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుంది’ అన్న మాటను నేను ఒప్పుకోలేకపోవడానికి ఇదొక కారణం.

మీవారి అనుభవానికి మరింత దగ్గరైనది 2005లో వెలువడిన ప్రయోగం. ఈసారి ఎలుకలను ఒకే ఒక్కసారి, రెండు గంటలపాటు బంధించి వదిలేశారు. మర్నాడు చూస్తే ఎమిగ్డలా కణాల్లో మార్పేమీ కనిపించలేదు. పదో రోజున చూస్తే, కణాల కొమ్మల మీద ఒక కణం నుంచి మరో కణానికి సంకేతాలు అందుకునే బొడిపెల సంఖ్య పెరిగి ఉంది. ఆందోళన కూడా అదే తీరున మెల్లమెల్లగా పైకి వచ్చింది. అంటే, పైకి అంతా మామూలుగా ఉన్న ఆ రోజుల్లో లోపల పని జరుగుతూనే ఉంది. మర్నాడు ఆఫీసుకు వెళ్లిన మనిషి రెండో వారంలో ఉలిక్కిపడటం నటన కాదు, పిరికితనం అంతకన్నా కాదు.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఎలుక మెదడులో చూసినంత దగ్గరగా బతికున్న మనిషి మెదడులోని కణాలను చూడలేం గనుక, మీవారి తలలో అచ్చంగా ఇదే జరిగిందని ఎవరూ నిర్ధారించలేరు. మనుషులకు ఏ చికిత్స పనిచేస్తుందో మనుషుల మీద జరిగిన పరీక్షల వల్లే తెలిసింది. భయంకరమైన సంఘటన తర్వాత ఇలాంటి లక్షణాలు నెల దాటి కొనసాగి, రోజువారీ జీవితానికి అడ్డుపడితే, దాన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ కావచ్చని వైద్యులు అనుమానిస్తారు. ఆ నిర్ధారణ ఉత్తరం చదివి చేసేది కాదు, సైకియాట్రిస్టు ఎదురుగా కూర్చుని మాట్లాడి చేయాలి. జరిగినదాన్ని, తప్పించుకు తిరుగుతున్న దారులను నిపుణుల తోడుతో కొంచెం కొంచెంగా ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్సకు ఇందులో మంచి ఫలితాలు ఉన్నాయి. అవసరమైతే మందులు కూడా ఇస్తారు. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు మాత్రం సొంతంగా కొని వేయకండి. అవి ఈ రుగ్మతకు మందు కావు, పైగా అలవాటుగా మారతాయి.

గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మన ఊళ్లో ఆ పేటపేరునే ఎగతాళికి వాడే దురలవాటు వల్ల ఎందరో చికిత్సకు దూరమవుతున్నారని నాకు నిజంగా బాధ. మీవారు వెనకాడితే ముందు ఇంట్లో కూర్చునే 14416కు ఫోన్ చేయించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట ఆయన నోట ఎప్పుడైనా వస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

వైద్యుడి దగ్గరకు మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. ఎప్పటి నుంచి మొదలైంది, వారంలో ఎన్ని రాత్రులు లేస్తున్నారు, ఏ శబ్దానికి ఉలిక్కిపడుతున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళితే, ఆయన చెప్పడానికి మొహమాటపడేవి మీరు చెప్పవచ్చు. కుక్కర్ సంగతి కూడా అందులో రాయండి.