చోక్ లాగినా స్టార్ట్ కాని మారుతి 800: కార్బురేటర్ మార్చే ముందు మూత తీసి చూడండి

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌ను ఇప్పుడే మార్చకండి. మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే లేచే బండి, తెల్లవారుజామున చోక్ (చలిలో ఇంజనుకు వెళ్లే గాలిని తగ్గించే నాబ్) పూర్తిగా లాగినా మొరాయిస్తోందని, మెకానిక్ కార్బురేటర్ మార్చమన్నాడని రాశారు. వేడెక్కాక చక్కగా నడిచే బండికి కార్బురేటర్ మొత్తం పోయిందంటే నేను నమ్మను. మీ మెకానిక్ సలహా ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది.

మాదీ 1996 నాటి మారుతి 800. ఆదిలాబాదులో ఉన్నప్పుడు ఒక డిసెంబరు నెలంతా ఇదే గోల. రోజూ పొద్దున్నే బండి తోయడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వచ్చేది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, చివరికి కొత్తది వేయాల్సిందేనన్నాడు. తీరా చూస్తే దోషం చిటికెన వేలి గోరంత క్లిప్పుది.

చోక్ కేబుల్ సైకిల్ బ్రేకు తీగ లాంటిదే. పైన తొడుగు, లోపల ఉక్కు తీగ. తొడుగు కదలకుండా ఉంటేనే తీగ, కార్బురేటర్ నోట్లో గాలి దారిని మూసే రేకును లాగుతుంది. కార్బురేటర్ దగ్గర తొడుగును పట్టి ఉంచే క్లిప్పు వదులైతే, నాబ్ లాగినప్పుడల్లా తొడుగే ముందుకు జరుగుతుంది, రేకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చేతికి అంతా మామూలుగానే తగులుతుంది కాబట్టి చోక్ పనిచేస్తోందనే అనుకుంటాం. నేను నెల రోజులు అలాగే అనుకున్నాను.

కాబట్టి ఇంజను చల్లగా ఉన్నప్పుడు, తాళం తిప్పకుండా, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి కార్బురేటర్ నోట్లోకి చూడండి. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి నాబ్ లాగించండి. పైనున్న పల్చటి గుండ్రటి రేకు అడ్డంగా పడుకుని దారి మూసేయాలి. నాబ్ లోపలికి నెట్టగానే నిలువుగా లేవాలి. సగమే మూసుకుంటే కేబుల్ వైపు చూడండి. అసలు కదలకపోతే రేకు పక్కనున్న లివరును వేలితో తిప్పండి. అప్పుడు సులువుగా కదిలితే రేకు మంచిదే, లోపం కేబుల్‌ది. వేలితోనూ బిగుసుకుంటే ఇరుసుకు జిడ్డు పట్టినట్టు. కార్బురేటర్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు ఆడిస్తే వదులుతుంది. అక్కడ ఇంజనాయిల్ మాత్రం పోయకండి, దానికి దుమ్ము అంటుకుని మళ్లీ మొదటికొస్తుంది. మూత తీసి ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే ముఖం దూరంగా ఉంచండి, ఒక్కోసారి మంట ఎదురు కొడుతుంది.

చలిలో చోక్ ఎందుకంత ముఖ్యమంటే, మామూలుగా ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. చల్లటి లోహానికి తగిలిన పెట్రోలు ఆవిరి కాకుండా గోడలకే అంటుకుంటుంది. మండేందుకు తగినంత ఆవిరి లోపలికి చేరాలంటే పెట్రోలు ఎక్కువ పోవాలి, గాలి తగ్గాలి. రేకు చేసేది ఆ పనే.

బిగించేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. తీగను గట్టిగా లాగి, వదులన్నది లేకుండా స్క్రూ బిగించాను. మర్నాడు పొద్దున బండి ఠక్కున లేచింది, నేనూ మీసం మెలేశాను. వారం తిరిగేసరికి సైలెన్సర్ నోట్లో మసి, మైలేజీ పడిపోయింది, వేడి ఇంజను ఆపితే మళ్లీ లేవడానికి సతాయించడం. నాబ్ పూర్తిగా లోపలున్నా రేకు కొద్దిగా మూసుకునే ఉందన్నమాట. నాబ్ లోపలికి నెట్టి, రేకు నిట్టనిలువుగా ఉండగా, తీగలో ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచి బిగించండి.

చోక్ లాగి యాక్సిలరేటర్‌ను పదే పదే తొక్కే అలవాటుంటే మానండి. ప్రతి తొక్కుడుకూ కార్బురేటర్ కొంత పెట్రోలు చిమ్ముతుంది, ప్లగ్గులు తడిసిపోతాయి. పెట్రోలు వాసన గుప్పుమంటే చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి.

రేకు చక్కగా మూసుకుంటున్నా బండి లేవకపోతే అప్పుడు బ్యాటరీ, ప్లగ్గులు చూడాలి. లేచి రెండు క్షణాల్లో నల్లటి పొగ కక్కి ఆగిపోతుంటే, ఇంజను అందుకోగానే రేకును కాస్త తెరిచే చిన్న రబ్బరు పొర చిరిగిందేమో చూడండి. ఇన్నేళ్ల రబ్బరు, పైగా ఇప్పుడు వచ్చేది ఎథనాల్ కలిసిన పెట్రోలు.

కేబుల్ లోపలే తుప్పు పట్టి ఉంటే మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. కొట్టుకు పాతది తీసుకెళ్లి పక్కన పెట్టి పొడవు కొలుచుకున్నాకే కొనండి. నాకు మొదటిసారి ఇచ్చింది జానెడు పొట్టి.